మనవాళ్ళు కాని డాక్టరు

డాక్టర్ గెరాటీ కాదు, డాక్టర్ చంద్రకళ. క్లినిక్ రిసెప్షన్ కిటికీలోంచి ఓర్లా ఆ పేరును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ సరిచూసుకుంటూ పలికి, తలెత్తి నవ్వింది. జూలైలో స్లైగో నుంచి మా దగ్గరికి వచ్చింది, మీ భాషే మాట్లాడుతుందట, నేనే అడిగి మిమ్మల్ని ఆమెకు మార్చాను, సొంత భాషలో చెప్పుకుంటే మీకు సుఖంగా ఉంటుంది కదా అని. దేవకుమారి థాంక్యూ అంది. గ్రాండ్, అంటే ఇక్కడ సరే అని, అంది ఓర్లా, కాకపోతే ఈ రోజు ఆలస్యంగా నడుస్తోంది, గంట పట్టొచ్చు. దేవకుమారి తిరిగి వచ్చి కూతురు జెమీమా పక్కన కూర్చుంది. వద్దు అనవలసిన చోట థాంక్యూ అన్నానని కూర్చున్నాక తెలిసింది. లేచి వెళ్ళి చెప్పడానికి గంట ఉంది. వద్దంటే గెరాటీ దగ్గర మళ్ళీ ఖాళీ మూడు వారాలకు. జెమీమాకు మొదటి డ్రైవింగ్ పాఠం ఈ శనివారం.

పిల్లకు పదిహేడు. రెండుసార్లు పడింది. మొదటిసారి ఈస్టర్ సెలవుల్లో, స్నేహితురాలి ఇంట్లో నిద్ర లేకుండా గడిపి వచ్చిన పొద్దున, మెట్ల కింద. రెండోసారి పోయిన నెలలో, వంటింట్లో, సింకుకూ, ఇక్కడ ప్రెస్సు అనే అలమారాకూ మధ్య, ప్రెస్సు తలుపు తెరిచి ఉంది, అందులోంచి కార్న్‌ఫ్లేక్స్ పెట్టె తీస్తున్న మనిషి తీస్తూనే వెనక్కి విరుచుకుపడింది. రెండుసార్లూ చూసింది దేవకుమారి ఒక్కతే. అవి ఫిట్స్ అని చూసిన క్షణంలోనే తెలిసింది, తెలియకపోవడానికి లేదు, నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను పట్టుకుని పదకొండేళ్ళు పని చేసిన మనిషికి. జెమీమాకు తెలియదు. ఫిట్స్ వచ్చినవాళ్ళకు అవి కనపడవు, ప్రెస్సు తలుపు కనపడుతుంది, ఆ తర్వాత నేల కనపడుతుంది, మధ్యది ఎవరైనా చెప్పాలి. చెప్పింది. ఏమీ తినలేదు కదమ్మా, కళ్ళు తిరిగాయి, పడ్డావు. నాలుక కరుచుకుపోయిందంటే, పడేటప్పుడు పళ్ళ మధ్య పడిందిలే అంది. పిల్ల నమ్మింది. ఏలీయాకు చెప్పింది గాని ఏలీయా మొగుడు కాబట్టి చెప్పింది, అతను రెండు చేతులూ తల మీద పెట్టుకుని, ఎవురికీ చెప్పబాకు, డిసెంబరులో గుంటూరు తీసకపోదాం, న్యూరో డాక్టరుకి చూపిద్దాం, సాయంత్రానికల్లా స్కానింగులన్నీ చేసి చేతిలో పెడతారు అన్నాడు. డిసెంబరు దాకా పిల్ల మెట్లు దిగాలి, బస్సెక్కాలి, స్నానానికి వెళ్ళి తలుపు వేసుకోవాలి. తలుపు వేసుకుంటే దేవకుమారి బయట బట్టలు మడత పెడుతూ నిలబడుతుంది, మడత పెట్టినవే మళ్ళీ విప్పి మడత పెడుతుంది, నీళ్ళ చప్పుడు వినిపించాలి, ఆగినా వినిపించాలి.

ఇక్కడ ఎందుకు పెద్ద డాక్టరు దగ్గరికి నేరుగా పోకూడదో ఏలీయాకు ఇప్పటికీ అర్థం కాదు. జీపీ అంటే మన ఊళ్ళో ఉత్త ఎంబీబీఎస్, జలుబుకు మందిచ్చేవాడు, వాడిచ్చే ఉత్తరం ఎందుకు? ఇన్నేళ్ళూ జీపీ లేకుండానే గడిచింది. జ్వరం మాత్రలూ కడుపునొప్పి మాత్రలూ చీరాల నుంచి సూట్‌కేసులో వచ్చేవి, మిగతా వాటికి స్లైగో ఆస్పత్రిలో పని చేసే రవి కుమార్ గారికి ఫోన్ చేసేవాళ్ళు, ఆయన గుంటూరు మెడికల్ కాలేజీ, విసుక్కోకుండా చెప్పేవాడు. ఏలీయా ఈసారీ చేశాడు, నా పిల్ల అనకుండా, మా ఫ్రెండు కూతురికండీ అని. రవి కుమార్ గారు అన్నీ విని, వెంటనే జీపీకి చూపించమనండి, జీపీ ఉత్తరం రాస్తేనే న్యూరాలజీ వాళ్ళు తీసుకుంటారు అన్నాడు. అయినా ఏలీయా డబ్లిన్‌లో ఒక న్యూరో డాక్టరు నంబరు సంపాదించి ఫోన్ చేశాడు, అవతల సెక్రటరీ రెఫరల్ ఎవరు పంపుతున్నారు అని అడిగింది, నేనే పంపుతున్నానండీ, నేను తండ్రిని అన్నాడు. ఆ తర్వాత దేవకుమారి పనిలో టీ బ్రేకులన్నీ జీపీని వెతికే ఫోన్లకే పోయాయి. నేవన్‌లో, ట్రిమ్‌లో, కెల్స్‌లో, పేషెంట్ల లిస్టు నిండిపోయింది, కొత్తవాళ్ళను తీసుకోవడం లేదు, సారీ లవ్, వచ్చే ఏడు ప్రయత్నించండి. ఇక్కడ దొరికింది ఓర్లా వల్లే. ఓర్లా నాయనమ్మ నర్సింగ్ హోమ్‌లో దేవకుమారి చేతుల్లోనే పోయింది. లిస్టు నిండిపోయిందని అందరికీ చెప్తాం, నీకు ఎలా చెప్తాను అంది ఓర్లా.

గ్రూప్ ప్రాక్టీస్ అంటే ఏమిటో దేవకుమారికి తెలుసు, నర్సింగ్ హోమ్‌కు డాక్టర్లు ఇక్కడి నుంచే వస్తారు, ఒక వారం ఒకరు, ఇంకో వారం ఇంకొకరు. గుమ్మం పక్కన పలక మీద ఆరు పేర్లు. నీ డాక్టరు అని ఒకరు ఉండరు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చూస్తారు, కంప్యూటరులో ముందటివాళ్ళు రాసింది చదువుకుని మొదలుపెడతారు. పనిలో అందరూ ఫిర్యాదు చేసేది దాని గురించే, పోయినప్పుడల్లా మొదటి నుంచి చెప్పుకోవాలని. దేవకుమారికి కావలసింది అదే. ఆరుగురిలో ఎవరికీ ముఖం గుర్తుండకూడదు. గెరాటీ అయితే మరీ మేలు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, పేషెంటు మొహం కంటే గోడ గడియారం ఎక్కువ చూస్తాడు, వింటాడు, ఉత్తరం రాస్తాడు, మధ్యాహ్నానికి మర్చిపోతాడు. అతనికి ఫిట్స్ అనే మాట చెప్పగలదు. ఇంగ్లీషులో సీజర్ అని చెప్పగలదు, పనిలో రోజూ వాడే మాట, బరువుండదు. పలక మీద ఏడో పేరు ఇంకా ఎక్కించలేదు.

సీజర్ అంటే అబిగేయిల్ గుర్తుకు రాదు. ఫిట్స్ అంటే వస్తుంది. అబిగేయిల్ దేవకుమారికి చెల్లెలు, చీరాలలో అన్న ఇంట్లో ఉంటుంది, సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పుతుంది, నలభై దాటింది. పెళ్ళికి ముందు అమ్మ ఆమె ఫిట్స్ మాత్రలన్నీ విటమిన్ల సీసాలోకి మార్చింది. అత్తగారింట్లో ఆ సీసా రోజూ ఎవరి కంట్లోనైనా పడుతుందని అబిగేయిల్ మాత్ర మింగడం తగ్గించింది, తర్వాత మానేసింది, మూడో నెల ప్రార్థన మందిరంలో అందరి ముందు పడింది. మళ్ళీ పుట్టింటికి తెచ్చి దింపిన రోజు అత్తగారు గడప దాటకుండా బయటే నిలబడి, జబ్బును తప్పు పట్టడం లేదమ్మా, చెప్పకపోవడాన్నే అంది. ఆ మాట అప్పుడు అందరికీ సాకులాగే వినపడింది. ఇప్పుడు ఈ కుర్చీలో ఎందుకు వస్తోంది ఆ మాట. ఎదురుగా చేతికి కట్టు కట్టుకున్న మనిషి దగ్గుతున్నాడు, ఒక పిల్లవాడు బొమ్మ ట్రాక్టరును హీటరు మీద నడిపిస్తున్నాడు, గోడ మీద టీవీలో ఫ్లూ టీకా గురించి చెప్తున్నారు, శబ్దం లేదు.

స్లైగో నుంచి వచ్చింది అంటే రవి కుమార్ గారు తెలిసి ఉంటారు. ఆ ఆస్పత్రిలో తెలుగు డాక్టర్లు ఎంతమంది, క్యాంటీనులో ఒక బల్ల చుట్టూ సరిపోతారు. ఫిట్స్ వచ్చిన తెలుగు పిల్ల, పదిహేడేళ్ళు, నేవన్, తండ్రి మాంసం ఫ్యాక్టరీలో, అంటే చాలు, ఫ్రెండు కూతురు ఎవరో ఆయనకు తెలిసిపోతుంది. రవి కుమార్ గారు మంచివాడు. మంచివాడు కాబట్టి ఏలీయాకు ఫోన్ చేస్తాడు, ఏలీయా అన్న మోజెస్ నేస్‌లో ఉన్నాడు, ఆయన ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కు పెద్ద, ఆయనకూ చేస్తాడు, పాపం వాళ్ళకు మీరైనా ధైర్యం చెప్పండి అని. మోజెస్ బావగారు ఎవరికీ చెడు చెప్పడు. ప్రార్థన అడుగుతాడు. ఆదివారం స్కూలు హాల్లో మైకు పట్టుకుని, ప్రార్థన అవసరతలు అన్నప్పుడు ఒక్కొక్కరి పేరూ చదువుతాడు, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో పెడతాడు, సిస్టర్ దేవకుమారి గారి కుమార్తె స్వస్థత కొరకు. పోయిన ఏడు లాజరస్ గారి కోడలికి కడుపు నిలవకపోతే నాలుగు కౌంటీలు ప్రార్థన చేశాయి, ఆ పిల్ల రెండు నెలలు ఆదివారం రాలేదు, వచ్చిన రోజు అందరూ భుజం మీద చెయ్యి వేశారు, ఒక్కొక్కరే, వరసగా. దేవకుమారి కూడా వేసింది. ఆ పిల్ల భుజం చెయ్యి కింద ఎలా బిగుసుకుందో చేతికి ఇంకా తెలుస్తోంది.

"మామ్, యువర్ లెగ్," అంది జెమీమా. దేవకుమారి కాలు ఊపడం ఆపింది.

"ఆకలేస్తోందా అమ్మా?"

"నో, ఐ'మ్ గ్రాండ్." ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "డాడ్ సేస్ డోంట్ సైన్ ఎనీథింగ్."

"మీ నాన్న నాకూ ఆ మెసేజే పెట్టాడు. సంతకాలు ఎవరడిగారు ఇక్కడ? ఆయనకేం పనిలేదు."

"హీ సేస్ ఆస్క్ ఈజ్ షీ ఎ ప్రాపర్ డాక్టర్." జెమీమా నవ్వింది. దేవకుమారికి కూడా నవ్వు వచ్చింది, వచ్చి సగంలో ఆగింది, పిల్ల నవ్వితే చెయ్యి కదిలింది, ఫోన్ జారబోయి నిలిచింది, కదిలిన చేతిని చూడకుండా ఉండటం ఇప్పుడు ఆమెకు చేతకావడం లేదు. ఫోన్ మీద డ్రైవింగ్ టీచరు మెసేజ్ ఉంది, శనివారం పదింటికి, లెర్నర్ పర్మిట్ తెచ్చుకోమని. దానికి సాకు చూడాలి. ఏలీయా వద్దన్నాడని చెప్పవచ్చు. అప్పుడు తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోరు, పిల్ల స్నేహితురాలి కారులో నేర్చుకుంటుంది, డొనాక్మోర్ రోడ్డు మీద, పొలాల మధ్య, చెప్పకుండా. చెప్పకుండా చేయడం ఈ ఇంట్లో ఎవరు నేర్పారు.

లేచింది. కిటికీ దగ్గర ఒక ముసలాయన తన మందుల గురించి ఓర్లాతో మాట్లాడుతున్నాడు, ఆయన వెనక నిలబడింది. చెప్పవలసిన మాట ఇంగ్లీషులో కూర్చుకుంది. డాక్టర్ గెరాటీ అయితేనే చూపించుకుంటాను. ఎందుకు అని అడగదు ఓర్లా, కాని అనుకుంటుంది, తన దేశపు మనిషి వద్దు అనే మనిషి గురించి ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారు. పిల్ల కోసమే అన్నా నమ్మదు, ఆడపిల్లకు ఆడ డాక్టరును ఎవరు వద్దంటారు. కులం గురించి ఓర్లాకు తెలియదు, చంద్రకళ అనే పేరున్న మనిషికి తెలుసు, ఏ ఊరండీ అని అడిగాక ఊళ్ళో ఏ వైపు అని అడిగేవాళ్ళను దేవకుమారి ఇక్కడ కూడా చూసింది, డబ్లిన్‌లో ఉగాది రోజు, ప్లేటు చేతిలో పట్టుకుని. ఇవన్నీ ఓర్లాకు చెప్పేవి కావు. ముసలాయన పక్కకు జరిగాడు. "ఆర్ యూ ఓకే, పెట్?" అంది ఓర్లా ముద్దుగా. దేవకుమారి నోరు తెరిచి, మంచినీళ్ళు ఎక్కడ ఉంటాయి అని అడిగింది. కాగితపు గ్లాసుతో తిరిగి వచ్చి కూర్చుంది.

సరే, ఈమెకే చూపిద్దాం. ఫిట్స్ అనకుండా. కళ్ళు తిరిగి పడిందండీ రెండుసార్లు, సరిగా తినదు, పరీక్షలని రాత్రుళ్ళు మేలుకుంటుంది. రక్తం తీస్తారు. ఐరన్ తక్కువ అంటారు, ఈ వయసు పిల్లలకు తక్కువే ఉంటుంది. ఆ మాత్రలు వాడుతూ ఉంటే మూడు వారాల తర్వాత గెరాటీకి చెప్పవచ్చు. కాని గెరాటీ కంప్యూటరు తెరుస్తాడు. అందులో చంద్రకళ రాసింది ఉంటుంది, కళ్ళు తిరిగి పడింది, తల్లి చెప్పింది అని. ఆరుగురూ అదే చదువుతారు. గుర్తుపెట్టుకునే మనిషి ఉండకూడదని వస్తే, ఇక్కడ గుర్తుపెట్టుకునేది మనిషి కాదు. ఒక్కసారి రాయించిన అబద్ధాన్ని ఎవరి ముందు కూర్చుని కొట్టేయించాలి. గ్లాసు అంచు పళ్ళతో కొరికింది. తలుపు తెరుచుకుంది.

"జెమీమా?"

గుమ్మంలో డాక్టరు, ముప్పై దాటి ఉండదు. బొట్టు లేదు, జుట్టు పైకి కట్టుకుంది, కళ్ళద్దాలు తల మీద. దేవకుమారి లేచింది. జెమీమా ముందే లేచింది.

"ఐ'ల్ గో ఇన్ ఆన్ మై ఓన్, మామ్."

"అదేంది? నేను రావద్దూ?"

"ఐ'మ్ సెవెంటీన్." విసురుగా అనలేదు. మామూలుగా అంది, బస్సు దిగేటప్పుడు బై చెప్పినట్టు. డాక్టరు ఇద్దరి వైపూ చూసి, జెమీమాకు తలుపు పట్టుకుంది. "మీరు ఇక్కడే ఉండండమ్మా. అవసరమైతే పిలుస్తాను," అంది తెలుగులో. తలుపు మూసుకుంది.

దేవకుమారి నిలబడే ఉంది. లోపల పిల్ల ఇప్పుడు కూర్చుంటుంది. ఏమైంది అని అడుగుతారు. ఏమైందో పిల్లకు తెలిసింది ఒక్కటే, తల్లి చెప్పింది. ఏమీ తినలేదు, కళ్ళు తిరిగాయి, పడ్డాను. దాచడానికి తను లోపలికి వెళ్ళనవసరం కూడా లేదు, పిల్ల నిజమనుకుని తనే చెప్తుంది, తడబడదు, డాక్టరు ఆ మొహం చూసి నమ్ముతుంది, రక్తానికి చీటీ రాస్తుంది. స్లైగోకు ఫోన్ వెళ్ళదు. ఆదివారం మైకులో పేరు చదవరు. ఏమీ జరగదు. శనివారం పదింటికి ఇంటి ముందు కారు వచ్చి ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది ఆ తలుపు వెనక జరిగిపోతోంది, ఒక్క మాట కూడా ఆమె ఆడకుండానే. గ్లాసు కుర్చీ మీద పెట్టింది, అది పడింది, నీళ్ళు కార్పెట్ మీద పోయాయి, పిల్లవాడు ట్రాక్టరు ఆపి చూశాడు. ఆమె వెళ్ళి తలుపు కొట్టి, రమ్మనకముందే తీసింది.

"అది కళ్ళు తిరగడం కాదండీ."

"మామ్!"

"కళ్ళు తిరగడం కాదు. నేను చూశాను. దానికి తెలియదు, నేను చెప్పలేదు."

డాక్టరు జెమీమా వైపు తిరిగి, అమ్మ ఉండవచ్చా అని ఇంగ్లీషులో అడిగింది. జెమీమా తల్లి మొహం చూసి భుజాలు ఎగరేసింది. "కూర్చోండమ్మా," అంది డాక్టరు. "మీకేమనిపించిందో వద్దు. చూసింది చెప్పండి. మొదటి నుంచి."

పనిలో షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చినట్టు మొదలుపెట్టింది, ఎదురుగా ఉన్నది కూతురు కానట్టు. ప్రెస్సు తలుపు తెరిచిందండీ. అరిచింది, నన్ను పిలవడం కాదు, లోపలి గాలి బయటికొచ్చిన చప్పుడు. వెనక్కి పడింది. కర్రలాగా అయిపోయింది. చేతులు ఎట్టా ఉన్నాయి అంటే, ఇట్టా, అని చూపించడానికి చేతులు మోచేతుల దగ్గర మడిచి పిడికిళ్ళు బిగించింది, ఆ తర్వాత కొట్టుకోవడం మొదలైందండీ, ఇట్టా, రెండు చేతులూ ఒకే లెక్కన, ముందు వేగంగా, తర్వాత మెల్లగా, ఒకటి, ఆగి, ఒకటి. పెదాలు నీలంగా అయ్యాయి. మాటలతో చెప్పలేనిది భుజాలు చెప్పాయి. ఆపాక చూస్తే డాక్టరు రాయడం లేదు. జెమీమా గోడకు ఆనుకుని ఉంది.

"పొద్దున్నే లేవగానే చేతిలోంచి వస్తువులు పడిపోతుంటాయా?" అని డాక్టరు జెమీమాను ఇంగ్లీషులో అడిగింది.

"యా. స్పూన్స్. ద టూత్‌బ్రష్. ఐ'మ్ జస్ట్ క్లమ్సీ."

"నేను తిడుతుంటానండీ," అంది దేవకుమారి. "చేతిలో ఒక్కటీ నిలవదని."

"ఇంక తిట్టకండి, అదీ ఈ జబ్బే. సరే, ఫిట్ వచ్చినప్పుడు మీరేం చేశారు?"

పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది పెట్టాలి, టైము చూసుకోవాలి, చేతిలోగాని నోట్లోగాని ఏమీ పెట్టకూడదు. ఏటా ట్రైనింగులో అడిగితే ఆమే ముందు చెప్తుంది. "పక్కకు తిప్పానండీ," అంది. "ముందు తాళాలు పెట్టాను. చేతిలో."

ఎందుకు అని డాక్టరు అడగలేదు. గెరాటీ అడిగేవాడు. "ఏ తాళాలు? ఇక్కడ కారు తాళాలన్నీ ప్లాస్టిక్కేగా?"

"షెడ్డుదండీ. ఇనుముది."

"దాన్ని వెతకడానికి వెళ్ళారా, పిల్లను వదిలి?"

"వెళ్ళాను."

"మా తెనాలిలో మా పిన్ని గొళ్ళెం ఊడదీసింది." కళ్ళద్దాలు కిందికి దించుకుని కీబోర్డు వైపు తిరిగింది. "ఇంకోసారి వెళ్ళకండి. పక్కనే ఉండండి. న్యూరాలజీకి అర్జెంటుగా రాస్తున్నాను. అప్పటిదాకా కారు నడపకూడదు, ఒంటరిగా ఈత వద్దు, స్నానానికి షవరే, టబ్బు వద్దు, గడియ వేసుకోకూడదు." అదంతా జెమీమాకు ఇంగ్లీషులో, మెల్లగా, మళ్ళీ చెప్పింది. జెమీమా ఆ పాఠం శనివారమే అని ఒక్కసారి అంది, డాక్టరు ఐ నో, ఐ'మ్ సారీ అంది.

"రవి కుమార్ గారు మీకు తెలుసా, స్లైగోలో?" అంది దేవకుమారి.

"తెలుసు. ఆయనకు చెప్పను. మీరు ఇంటికి వెళ్ళి ఎవరికి చెప్పాలో కూడా జెమీమా చెప్తుంది, మనం కాదు."

ప్రింటరు ఆగి మళ్ళీ కదిలింది. జెమీమా అరచేయి తెరిచి చూసుకుంటోంది. "యూ టోల్డ్ మీ ఐ ఫెయింటెడ్," అంది. దేవకుమారి అవునంది. "బోత్ టైమ్స్." అవునంది. ఆ తర్వాత రావలసిన మాట కోసం దేవకుమారి చూసింది, అరవాలి, లేచి వెళ్ళిపోవాలి, తలుపు వేసుకోవాలి, ఇంట్లో అయితే అదే చేసేది. జెమీమా వెళ్ళలేదు. గోడ దగ్గర నుంచి ముందుకు జరిగి, తల్లి మోకాళ్ళకు ఎదురుగా కూర్చుంది.

"మళ్ళీ చూపించు," అంది. "ఫ్రమ్ ద స్టార్ట్."

దేవకుమారి డాక్టరు వైపు చూసింది. డాక్టరు కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. దేవకుమారి కూతురి వైపు తిరిగి, చేతులు మోచేతుల దగ్గర మడిచి, పిడికిళ్ళు బిగించింది.